కాలు తగలకూడని నడుము

కార్తీకమాసంలో ఒక బుధవారం పొద్దున్నే వరహాలమ్మ మంచం మీద సంచి పెట్టుకుని మొగుడి బట్టలు సర్దుతోంది. నాలుగు లుంగీలు, ఆరు బనియన్లు, రెండు దుప్పట్లు, ఆవకాయ సీసా, ఆ సీసాకి చుట్టిన పాత తువ్వాలు, ఆ తువ్వాలుకి నూనె అంటితే మార్చడానికి ఇంకో తువ్వాలు. అంతా సర్ది, ఏదో మరిచిపోయాననిపించి, అంతా బయటికి తీసి, ఏదీ మరిచిపోలేదని తేలాక మళ్ళీ సర్దింది. గురునాథరావు అద్దం ముందు మీసం కత్తిరించుకుంటూ ఇదంతా చూస్తున్నాడు.

ఆయన విశాఖపట్నం పోర్టులో క్రేను నడిపి రిటైరయ్యాడు. పారాదీప్‌లో ఎవరో ప్రైవేటు కంపెనీ వాళ్ళు కొత్తవాళ్ళకి క్రేను పని నేర్పడానికి మూడు నెలలకి రమ్మన్నారు. సాయంత్రం నాలుగింటికి బండి. పెళ్ళయిన ముప్పై ఆరేళ్ళలో, కాన్పులకి పుట్టింటికి వెళ్ళినప్పుడు తప్ప, వాళ్ళిద్దరూ వేరువేరు ఊళ్ళలో నిద్రపోయింది లేదు.

వరహాలమ్మకి ప్రయాణాలంటే గుండె దడ. ఆవిడ చిన్నప్పుడు వాళ్ళ నాన్న భీమిలి నుంచి కలకత్తా జూటుమిల్లుకి వెళ్తూ దీపావళికి వచ్చేస్తానన్నాడు. ఏ దీపావళికో చెప్పలేదు. అప్పటి నుంచీ ఇంట్లో ఎవరు ఊరెళ్ళినా ఆవిడ వాళ్ళ వస్తువొకటి దాచేస్తుంది, దానికోసమైనా తిరిగొస్తారని. ఈసారి మొగుడి కొత్త చెప్పుల్లో ఎడమది తీసి బియ్యం డబ్బా వెనకాల పెట్టింది.

అయితే ఈ దడ ఎవరికీ తెలియనివ్వలేదు. మొగుడికి అడ్డం పడిందనే మాట రాకూడదని, మద్దిలపాలెంలో వాళ్ళ వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా, పారాదీప్ వాళ్ళు మా ఆయన్నే ఏరి పిలిచారని చెప్పుకొచ్చింది. ఆయన ఇంట్లో కూర్చుని ఆ మాటలన్నీ విన్నాడు.

మీసం అయ్యాక గురునాథరావు వచ్చి, బరువెంతుందో చూద్దామని సంచి మీద చెయ్యి వేశాడు. వేసినవాడు వేసినట్టే ఉండిపోయాడు.

"ఏటైందండీ" అంది వరహాలమ్మ.

"పట్టేసింది" అన్నాడాయన నేల వంక చూస్తూ. "నడుం."

ఇంకెవరి నడుమైనా అయితే వరహాలమ్మ కంగారు పడేది కాదు. ఆవిడ ఎదురుకాళ్ళతో పుట్టిన మనిషి. అలా పుట్టినవాళ్ళు తంతే నడుం పట్టు వదులుతుందని ఆ వీధిలో అందరికీ తెలుసు. పట్టినవాళ్ళు తెల్లారకుండా, మొహం కడుక్కోకుండా వచ్చి ఆవిడ గుమ్మంలో వీపు తిప్పి కూర్చుంటారు. ఆవిడ ఎడమ మడమతో మూడుసార్లు తంతుంది. వాళ్ళు వెనక్కి చూడకుండా వెళ్ళిపోవాలి, బాగుందనో బాగులేదనో ఒక్క మాట అనకూడదు. తగ్గినవాళ్ళు మళ్ళీ రారు. ఆవిడ కాలి మహిమకి అదే రుజువు. ఆవిడకి లోలోపల అదే దిగులు కూడాను.

కానీ ఇది మొగుడి నడుము. నిద్రలో పొరపాటున కాలు తగిలితేనే లేచి, ఆయన్ని తాకి కళ్ళకద్దుకునే మనిషి ఆవిడ. చూసి చూసి తన్నడమంటే ఏడు జన్మల పాపం.

గోడ పక్కింటి జోగమ్మ అప్పటికే వచ్చేసింది. ఆ రెండిళ్ళకీ మధ్య ఉన్నది నడుమెత్తు గోడ. ముప్పై ఏళ్ళుగా మధ్యాహ్నం అంట్లు తోముకున్నాక ఇద్దరూ ఆ గోడకి చెరో పక్కా చేరగిలబడి కబుర్లు చెప్పుకుంటారు. వరహాలమ్మ కన్నా నాలుగేళ్ళు చిన్నది, అందుకని అప్పా అంటుంది. ఆమె మొగుడు ఎల్లారావు కూడా పోర్టులో క్రేను నడిపినవాడే, గురునాథరావు తర్వాత రెండేళ్ళకి దిగిపోయాడు.

"కళ్ళు మూసుకుని తన్నీయప్పా" అంది జోగమ్మ. "నాను అటు తిరుగుతాను."

"నువ్వు అటు తిరిగితే పాపం కూడా అటు తిరుగుద్దేటే" అంది వరహాలమ్మ.

వంగిన మనిషి వంగినట్టే, నన్ను వదిలెయ్యండి, పడుకుంటే అదే తగ్గుతుంది, పారాదీప్ వాళ్ళకి ఫోన్ చేసి రాలేనని చెప్పేద్దాం అన్నాడు. ఆ మాటకి వరహాలమ్మ గుండె ఒక్క క్షణం తేలికైంది. మరుక్షణమే, ఆయన వెళ్ళకూడదని తాను లోపల అనుకోబట్టే ఇలా పట్టేసిందేమోనని భయం పట్టుకుంది. తన కోరిక తగిలి పట్టిన నడుమైతే తానే వదిలించాలి. ఇక ఆగలేదు.

జోగమ్మకి ఒక డాక్టరు తెలుసు. ద్వారకా నగర్‌లో ఉంటాడు, ఎముకలు సర్దుతాడు. వాళ్ళ చెల్లెలి కొడుకు మొదట ఇంకెక్కడో చేత్తో మెడ తిప్పేవాళ్ళ దగ్గరికి వెళ్ళి, ఆ పటపటమనే చప్పుడికి చెప్పులు వదిలేసి పారిపోయి వచ్చాడట. ఈ డాక్టరు చేత్తో తిప్పడు, విరవడు. పిస్తోలు లాంటి చిన్న పనిముట్టొకటి నొప్పి దగ్గర ఆన్చి నొక్కుతాడు, టిక్కుమంటుంది, అంతే. గురునాథరావు ఆ మాట పూర్తి చెయ్యనివ్వకుండానే వద్దన్నాడు. ముప్పై ఏళ్ళు మిషన్లతో బతికానని, ఒంటి మీదికి కూడా మిషన్లు రానివ్వనని కచ్చితంగా చెప్పాడు.

అయితే జాలరిపేట సింహాద్రి దగ్గరికి పోదామన్నాడు, పెళ్ళాం వెనకాలే వచ్చిన ఎల్లారావు. సింహాద్రిదీ ఎదురుకాళ్ళ పుట్టుకే. మొగవాడు, పాపం గొడవ లేదు. అక్కణ్ణించి తిన్నగా స్టేషనుకి పోవచ్చని సంచి తన ఒళ్ళో పెట్టుకుని ఆటోలో డ్రైవరు పక్కన ఎక్కేశాడు. వరహాలమ్మ వంగి ఉన్న మొగుడికి చెప్పులు తొడగబోయి ఆగింది. కొత్త ఎడమ చెప్పు బియ్యం డబ్బా వెనకాల ఉంది. అందరి ముందూ ఎలా తీస్తుంది? కుడి కాలికి కొత్తదీ, ఎడమ కాలికి మడమ అరిగిపోయిన పాతదీ తొడిగేసింది. ఆయన గమనించే స్థితిలో ఉన్నట్టు కనిపించలేదు.

జాలరిపేటలో సింహాద్రి తెల్లారకుండానే వేటకి పోయాడు. వాడి తల్లి ఒడ్డున చేపలు అమ్ముకుంటోంది. వీళ్ళని చూసి, తొమ్మిదింటికల్లా వచ్చేస్తాడు, కూసోండి అంది. గురునాథరావు కూర్చోలేడు కనుక ఒక తెప్పని పట్టుకుని వంగి నిలబడ్డాడు. చేపలు కొనడానికి వచ్చినవాళ్ళు ఆయన దేనికోసమో ఇసకలో వెతుకుతున్నాడనుకుని కాసేపు తామూ వెతికారు.

"మావోడి కాలు తెడ్డు లాగుంటది" అంది తల్లి మురిపెంగా. "మొన్నొకాయన్ని ఒక్క తాపు తన్నినాడు. నడుం పట్టు పోనాది. మోకాలు పట్టినాది గానీ, అది ఏరే సంగతి."

అంతలో పడవ ఒడ్డుకొచ్చింది. వంగి ఉన్న మనిషికి మనుషులు కనబడరు, కాళ్ళే కనబడతాయి. పడవలోంచి ఇసక మీదికి ఒక పాదం దిగింది. అది నిజంగానే తెడ్డంత ఉంది. గురునాథరావు ఆ పాదం వంక చూశాడు, దాని పక్కన దిగిన రెండో పాదం వంకా చూశాడు.

"ఆ టిక్కు డాక్టరు దగ్గరికే పోదాం" అన్నాడు.

ఇంతకు ముందు ఎందుకు వద్దన్నాడో, ఇప్పుడు ఎందుకు పదమంటున్నాడో వరహాలమ్మకి అర్థం కాలేదు. నొప్పి మనిషిని అలా చేస్తుంది కాబోలనుకుంది.

డాక్టరు సాయిశంకర్ గది ఒక కోచింగ్ సెంటర్ పైన, రెండో అంతస్తులో ఉంది. కుర్రవాడు, ముప్పై దాటి ఉండవు, నెమ్మదిగా మాట్లాడతాడు. గురునాథరావుని పొడుగాటి బల్ల మీద బోర్లా పడుకోబెట్టించాడు. ఎల్లారావు కాళ్ళవైపూ జోగమ్మ తలవైపూ పట్టి, చాప పరిచినట్టు ఆయన్ని పరిచారు. డాక్టరు తన పనిముట్టు చూపించాడు. జానెడు కూడా లేదు, చివర రబ్బరు ముక్క. చేత్తో సర్దే పద్ధతి కూడా మంచిదేననీ, కానీ వయసైనవాళ్ళకీ ఆ చప్పుడుకి భయపడేవాళ్ళకీ దీంతో చేస్తాననీ చెప్పాడు. లోపల స్ప్రింగు ఉంటుంది, దెబ్బ చాలా చిన్నది, కాకపోతే చాలా వేగం, కండ బిగుసుకునే లోపలే పని అయిపోతుంది. ఒకరోజుతో అయిపోదని, నాలుగైదుసార్లు రావాలని కూడా అన్నాడు. తన దగ్గర తన్నించుకున్నవాళ్ళు రెండోసారి రారని వరహాలమ్మకి చెప్పాలనిపించింది.

మొదట కాళ్ళు చూడాలి, చెప్పులు తియ్యొద్దన్నాడు డాక్టరు. రెండు మడమలూ పక్కపక్కన చేర్చి, వంగి చూశాడు. మళ్ళీ చూశాడు. తర్వాత స్కేలు తెచ్చి చూశాడు.

"ఎడమ కాలు పొట్టిగా ఉంది" అన్నాడు.

నడుం బిగుసుకుంటే ఒక కాలు కొద్దిగా పైకి లాగినట్టు కనబడటం మామూలేనట. అది కూడా వరిగింజంత. ఇది అరంగుళం ఉంది. ఇంత తేడా నేనెప్పుడూ చూడలేదండీ అన్నాడు, ఏదో పుస్తకం తీస్తూ.

"బావా, ఆ కాలితోటే ముప్పై ఏళ్ళు క్రేను ఎక్కి దిగినావా" అన్నాడు ఎల్లారావు. అతని గొంతులో జాలి కన్నా గౌరవమే ఎక్కువ ఉంది.

జోగమ్మ ఈ కబురు బయట కూర్చున్నవాళ్ళకి చెప్పడానికి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి ఆ కాలు రెండంగుళాలు పొట్టిదై, చిన్నప్పుడే క్రేను మీంచి పడినదై వచ్చింది. వరహాలమ్మకి బుర్ర తిరిగిపోయింది. పెళ్ళిలో ఏడడుగులు నడిచినప్పుడు ఈయన కుంటాడా? అప్పుడు తన చూపంతా నేల మీదే ఉంది, కాళ్ళే చూసింది, ఏమీ తేడా కనబడలేదు. ముప్పై ఆరేళ్ళు పక్కనుండి మొగుడి కాలు కొలత తెలుసుకోలేదంటే ఇంకేం తెలుసుకున్నట్టు? ఆ కంగారులో తాను పొద్దున్న తొడిగిన చెప్పుల సంగతి ఆవిడకి ఎక్కడా గుర్తుకు రాలేదు.

డాక్టరు పనిముట్టు అందుకుని, భయపడొద్దండీ, చప్పుడు ఇంతే ఉంటుంది అంటూ గాలిలో ఒకసారి నొక్కాడు. టిక్కుమంది.

"అమ్మా" అని మూలిగాడు గురునాథరావు బల్లలోకి మొహం పెట్టుకుని.

"నేనింకా ముట్టుకోలేదండీ" అన్నాడు డాక్టరు.

ఆయన చెవినపడలేదేమోనని ఈసారి బల్ల చెక్క మీద ఆన్చి నొక్కాడు. గురునాథరావు ఇంకా గట్టిగా మూలిగి, అక్కడే, సరిగ్గా అక్కడే అన్నాడు. డాక్టరు పనిముట్టుని వెనక్కి తిప్పి చూశాడు, ముందుకి తిప్పి చూశాడు. అతని చదువులో ఇలాంటిది చెప్పినట్టు లేదు.

కానీ వరహాలమ్మకి ఆ గదిలో మొదటిసారిగా ఒక విషయం అర్థమైంది. ఆ పనిముట్టు తగలకుండానే పనిచేస్తోంది. పాపం ఉన్నది తగలడంలో గదా. నాలుగు వేళ్ళ దూరంలో గాలిలో తన్నితే మహిమ ఆయన నడుముకి చేరుతుంది, పాపం మధ్యలోనే ఆగిపోతుంది. ఇంత సులువైన సంగతి ఇన్నేళ్ళూ ఎవరికీ తోచలేదేమిటో.

అయినా మనసాగక అడిగింది. "బాబూ, తగలకపోయినా పన్జేత్తదా ఇది?"

"తగిలితేనే పనిచేస్తుందమ్మా. ఈయన సంగతే నాకు అంతు పట్టడం లేదు" అన్నాడు డాక్టరు. ఆవిడ అందులో రెండో ముక్కే విన్నది. అంతు పట్టదు, అంటే మహిమే.

బల్ల పక్కన చక్రాల మీద నిలబెట్టిన గుడ్డ తెర ఉంది. డాక్టరు మడమలు ఇంకోసారి చూద్దామని బల్ల చివర వంగాడు. వరహాలమ్మ తెర కమ్మీ పట్టుకుని, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పైకి దోపి, కళ్ళు మూసుకుని ఎడమ కాలెత్తింది. ఒకటోసారి గాలిలో తన్నింది. రెండోసారీ గాలిలోనే తన్నింది. మూడోసారికి తెర చక్రాల మీద జారింది. పట్టుకున్న ఆవిడ అటు తిరిగింది, ఎత్తిన కాలు ఇటు తిరిగింది. మడమ తిన్నగా వెళ్ళి వంగి ఉన్న డాక్టరు నడుం మధ్యలో తగిలింది.

డాక్టరు వెళ్ళి గురునాథరావు పిక్కల మీద పడ్డాడు. పనిముట్టు ఎగిరి, గోడవార కూర్చున్న ఎల్లారావు ఒళ్ళో సంచి మీద పడి, దానంతటదే టిక్కుమంది. తెర కూలిపోయింది. తలుపు తెరుచుకుని బయటి రోగులు నలుగురు తొంగి చూశారు. వాళ్ళకి కనబడిందల్లా, చీర ఎగ్గట్టి ఒంటికాలి మీద నిలబడిన పెద్దావిడా, ఆవిడ కాలి దగ్గర డాక్టరూను. అందులో ఇద్దరు వెంటనే మెట్లు దిగిపోయారు. మిగిలిన ఇద్దరూ ఈ పద్ధతికి వేరే టోకెన్ తీసుకోవాలా అని అడిగారు.

"తగిలిందా బాబూ" అంటూ డాక్టరు చెయ్యి పట్టుకుని పైకి లేపుతున్నది గురునాథరావు. బల్ల మీంచి ఎప్పుడు దిగాడో ఎవరూ చూడలేదు. కొబ్బరిచెట్టులా నిటారుగా నిలబడి ఉన్నాడు.

డాక్టరు చెయ్యి వెనక్కి పెట్టుకుని నడుం తడుముకున్నాడు. ఎడమకి తిరిగాడు, కుడికి తిరిగాడు. తలుపు మూసి వచ్చి, గొంతు తగ్గించి, పొద్దస్తమానం వంగే పని కదండీ, పదిహేను రోజులుగా నాకిక్కడ పట్టేసి ఉంది, మనలో మనమాట, ఇప్పుడు లేదు అన్నాడు.

ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. అందరూ గురునాథరావునే చూస్తున్నారు.

"తగ్గిపోనాది బావా" అన్నాడు ఎల్లారావు గడియారం చూసుకుంటూ. "పద, బండికి ఇంకా శానా టైముంది."

వరహాలమ్మ స్టూలు మీద కూర్చుండిపోయింది. తగలకుండానే పనిచేసింది. తన కాలితోనే, తన చేతులారా అనకూడదు గానీ, ఆయన్ని ఊరు పంపించేసింది. పాపం తప్పిందని సంతోషించడానికి కూడా లేదు. తల వంచుకుంది. మొగుడి పాదాలు ఎదురుగా ఉన్నాయి. కుడి చెప్పు మందంగా, మెరుస్తూ. ఎడమ చెప్పు పల్చగా, మడమ దగ్గర చిల్లు పడబోతూ.

"బాబూ" అంది డాక్టరుతో. "ఆ కాలు పొట్టిది కాదు. సెప్పు పొట్టిది."

డాక్టరు చూసి, స్కేలు జేబులో పెట్టేసుకున్నాడు. రెండో చెప్పు ఏదని గురునాథరావు అడిగాడు.

"బియ్యం డబ్బా ఎనకాల దాసాను."

"ఎందుకు?"

"దానికోసమైనా తిరిగొత్తారని."

గురునాథరావు బల్ల అంచున కూర్చుని, ఆవిడకి మాత్రమే వినబడేలా చెప్పాననుకుని గదంతా వినబడేలా చెప్పాడు.

"నా నడుం పట్టలేదు వరాలూ. జ్వరమంటే నీకు కషాయం తెలుసు, కడుపునొప్పంటే వాము తెలుసు. నువ్వు కుదర్చలేని జబ్బు నాకు ఇదొక్కటే దొరికింది."

ఆవిడకి ఇది బుర్రకెక్కడానికి టైము పట్టింది. అంటే గాలి తాపు పనిచేయలేదు, పనిముట్టూ పనిచేయలేదు, కోరిక కూడా తగల్లేదు. పొద్దుటి నుంచి ఊరంతా తిప్పింది బాగున్న మనిషినే.

"మరి ఎల్లనని సెప్పొచ్చు గదండీ."

"ఎలా చెప్పను? వీధి వీధంతా నువ్వు చెప్పుకొచ్చావు. నిన్ను చిన్నబుచ్చడం ఎందుకని."

"నాను మీకు అడ్డం పడకూడదని సెప్పుకొచ్చాను."

డాక్టరు కిటికీ వైపు తిరిగి బయటికి చూస్తూ నిలబడ్డాడు. జోగమ్మ మాత్రం ఎటూ తిరగలేదు. ఇద్దర్నీ నోరు తెరుచుకుని చూసి, ముప్పై ఆరేళ్ళు కాపురం చేసినా అడిగి తెలుసుకోవడం రాలేదా అప్పా అంది. వరహాలమ్మకి సిగ్గు ముంచుకొచ్చి పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ కొంగు వెనక నవ్వుతోందో ఏడుస్తోందో ఆవిడకే తెలియలేదు.

ఇక మిగిలింది పారాదీప్. మాట ఇచ్చేశారు, రేపు పొద్దున్న అక్కడ మనిషి ఉండాలి. గురునాథరావు ఫోన్ తీసి ఏం చెప్పాలా అని చూస్తుంటే ఎల్లారావు గొంతు సవరించుకున్నాడు. నాను మాత్రం క్రేను నడపనోడినా బావా, మూడు నెల్లే గదా, నాను ఎల్తాను అన్నాడు. రిటైరైన దగ్గర్నుంచీ తనని ఎవరూ దేనికీ పిలవలేదని ఆ గొంతులో తెలుస్తూనే ఉంది. గురునాథరావు ఫోన్లో ఆ సంగతే చెప్పాడు. అవతలివాళ్ళు, నడుం బాగుంటే చాలు, ఎవరైనా ఫరవాలేదన్నారు.

"ఎల్లు, ఎల్లు" అంది జోగమ్మ మొగుడితో. "మూడు నెలలు నా టీవీ నాది." అని వరహాలమ్మ వైపు తిరిగి కన్ను గీటింది. ఎల్లారావు ఆ సంచితోనే స్టేషనుకి వెళ్ళాడు.

ఆ మూడు నెలలూ గోడ దగ్గర కబుర్లు సాయంత్రం దాకా సాగేవి. వీధిలో అందరూ డాక్టరు కథ చెప్పమని అడిగేవారు, జోగమ్మ చెప్పేది, వరహాలమ్మ మధ్యలో సరిదిద్దేది. గురునాథరావు అరుగు మీద పేపరు చదువుకుంటూ, ఆయన ఉండగానే ఆయన కాలు ఒక్కోసారి ఒక్కో పొడవు అవుతుంటే విని ఊరుకునేవాడు. ఇంట్లో మనిషి ఇంట్లో ఉన్నాడు. వరహాలమ్మ రాత్రిళ్ళు హాయిగా నిద్రపోయింది.

పారాదీప్ వాళ్ళకి ఎల్లారావు పని నచ్చింది. మూడు నెలలు ఏడాది చేశారు, ఏడాది తర్వాత కూడా చూద్దామన్నారు, సముద్రానికి దగ్గర్లో రెండు గదుల క్వార్టరు ఇచ్చారు. వండుకోలేక చస్తున్నానని అతను ఫోన్ చేశాడు. ఒక నెల ఉండి, వంట ఎలాగో నేర్పి వచ్చేస్తానంది జోగమ్మ. గోడ పక్క జోగమ్మ వాళ్ళ ఇంటికి ఇప్పుడు స్టీల్ ప్లాంటులో పనిచేసే జంట అద్దెకొచ్చారు. పొద్దున్నే ఇద్దరూ డ్యూటీలకి పోతారు, మధ్యాహ్నం గోడకి అవతల ఎవరూ ఉండరు.

జోగమ్మ ఫాల్గుణ పౌర్ణమి మర్నాడు, పొద్దున్న ఏడింటికి ఆటో ఎక్కింది, మళ్ళీ రాలేదు.